సమాధులకు వాన కబురు

ఆదివారం పొద్దున తొమ్మిది కొట్టగానే ఆల్బీ ట్రెంగోవ్ హోటలు ఎదుటి ఫోను బూత్‌లో దూరాడు. మిగతా పాతికమందీ బస్సెక్కి కూర్చుని పదిహేడు నిమిషాలు అతని కోసం ఎదురుచూశారు. బెల్జియంలో వాన దంచికొడుతోంది. బూత్ అద్దాల మీద నీళ్ళు ధారలు కడుతున్నాయి. ఆల్బీ మాత్రం రిసీవరు చెవికి అదుముకుని, పదహారు వేల కిలోమీటర్ల అవతల ఆస్ట్రేలియాలో, మల్లీ అనే మెట్ట ప్రాంతపు గోధుమ చేలలో, చినుకేమైనా పడిందా అని కోడల్ని అడుగుతున్నాడు.

ఆల్బీ దృష్టిలో ప్రపంచం మొత్తానికి వార్త అనదగ్గది ఒక్కటే. వాన. ప్రభుత్వాలు మారడం, ధరలు పెరగడం, రాకెట్లు ఎగరడం, ఇవన్నీ అతనికి పొద్దుపోని కబుర్లు. ఊళ్ళో ఎవరైనా ఎదురుపడి "బాగున్నావా ఆల్బీ" అంటే "పదకొండు పాయింట్లు" అని జవాబిచ్చేవాడు. బాగాలేని రోజున "సున్నా" అనేవాడు. అడిగినవాళ్ళకి రెండూ అర్థమయ్యేవి.

కుర్రాబిన్ అనే ఆ చిన్న ఊరికి దూరంగా, చేల మధ్య ఉన్న ఆల్బీ పెరట్లో, వాతావరణ శాఖవాళ్ళ వర్షమాపకం ఒకటుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, యాభై రెండేళ్ళుగా రోజూ పొద్దున తొమ్మిదికి అందులో నీళ్ళు కొలిచి పుస్తకంలో రాస్తున్నాడు. జీతం లేదు, సెలవు లేదు. తన పెళ్ళి తొమ్మిదింటికి పెడతానన్న పాస్టరుని బతిమాలి పదికి మార్పించాడు. కూతురు పుట్టిన రోజున ఆసుపత్రికి తొమ్మిదీ పావుకి వచ్చి, ఆడపిల్ల అని నర్సు చెప్తే, ఇరవై మూడు పాయింట్లు అని తను చెప్పాడు. భార్య ఈడీ పోయినప్పుడు చర్చిలో రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆల్బీ లేచి, ఈడీ మంచి మనిషి, ఆమె పోయిన రోజున పన్నెండు పాయింట్లు పడింది అని చెప్పి కూర్చున్నాడు. అంతకంటే బాగా ఎవరూ మాట్లాడలేదని ఊరంతా అనుకుంది.

పాయింటు అంటే అంగుళంలో నూరో వంతు. దేశం మిల్లీమీటర్లలోకి మారి పాతికేళ్ళు కావస్తోంది. పుస్తకంలో ఆల్బీ మిల్లీమీటర్లే రాస్తాడు. నోటితో మాత్రం పాయింట్లే చెప్తాడు. ఆ పుస్తకంలో అంకెని బ్యాంకు నమ్ముతుంది, పాస్టరు నమ్ముతాడు, ఒకరి మాట ఒకరు నమ్మని అన్నదమ్ములు కూడా నమ్ముతారు. ఒకసారి గొట్టంలో కప్ప పడితే దాన్ని బయటికి తీసి, దాని ఒంటికి అంటిన నీటిబొట్లు మళ్ళీ గొట్టంలోకే రాల్చి, అప్పుడు కొలిచాడు.

అలాంటి మనిషితో యాత్ర చెయ్యడం ఎంత నరకమో వెర్నా పికెట్‌కి తెలిసింది. కుర్రాబిన్ మాజీ సైనికుల క్లబ్బు తరఫున, మొదటి ప్రపంచయుద్ధంలో ఆ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్ళు చనిపోయిన చోట్లు చూడటానికి బయల్దేరిన బస్సుకి నాయకురాలు ఆమె. ముప్పై ఒక్క ఏళ్ళు పోస్టాఫీసు నడిపి రిటైరైంది. మెడలో ఈల, చేతిలో మైకు, చంకలో టైంటేబుల్. ఒక్కో సమాధుల తోటకి ఇరవై నిమిషాలు. ఇరవయ్యో నిమిషంలో ఈల. ఇరవై ఒకటో నిమిషంలో బస్సు కదలాలి.

వెర్నా మనసులో ఇంకో టైంటేబుల్ కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట భర్త టెడ్ పోయాక పదకొండు వందల ఎకరాల చేను ఆమె మీద పడింది. బ్యారీ అనే మనిషి పాలికి చేస్తున్నాడు. వరసగా రెండేళ్ళు పంట చేతికి రాలేదు. పెద్ద రైతు హార్ట్‌విగ్ కొంటానన్నాడు. అమ్ముతుందో లేదో శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఏజెంటు కెన్ డాబ్స్‌కి చెప్పాలి. మల్లీలో తొలకరి ఏప్రిల్ ఇరవై అయిదు నాటికి పడాలి. ఆ రోజు ఆంజాక్ దినం, చనిపోయిన సైనికుల్ని తలుచుకునే రోజు. విత్తనాల సంచుల మూతి విప్పే రోజు కూడా అదే. వెర్నా తనలో తనే ఒక మాట అనుకుంది. శుక్రవారం లోపల వాన పడితే చేను ఉంచుకోవాలి. పడకపోతే అమ్మెయ్యాలి. అంతే, మరి ఆలోచించేది లేదు.

సెల్‌ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని రోజులవి. ఇంటికి రోజూ ఫోను చేసే పిచ్చి బస్సులో ఆల్బీకి ఒక్కడికే ఉంది. అతన్ని అడగడానికి వెర్నాకి అభిమానం అడ్డొచ్చింది. పదిహేడు నిమిషాలు బస్సు ఆపినవాణ్ణి ఏం అడుగుతుంది? మైకులో మందలించి ఊరుకుంది.

ఆ ఆదివారమే మొదటి సమాధుల తోటకి వెళ్ళారు. తెల్లటి రాళ్ళు, వరసలు తీర్చి, ఒక్కోదాని ముందు గులాబీ మొక్క. గొడుగుల కింద అందరూ తలో వైపు చెదిరారు. కుర్రాబిన్ హాలు ముందు రాతి మీద ముప్పై ఒక్క పేర్లుంటే, అందులో ఇరవై రెండు ఫ్రాన్సులోనూ బెల్జియంలోనూ ఉన్నాయి. ఆల్బీ దగ్గర ఆ ఇరవై రెంటికీ జాబితా ఉంది. మోకాళ్ళు వంగవు కాబట్టి చేపలు పట్టేవాళ్ళు వాడే మడత స్టూలు వెంట తెచ్చుకున్నాడు. హ్యారీ పెంగెల్లీ అనే కుర్రాడి రాయి ముందు స్టూలు వేసుకుని కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, పొరుగింటి అరుగు మీద కూర్చున్నట్టు మొదలుపెట్టాడు.

"ఏరా హ్యారీ. నేను ఆల్బీని, జాక్ ట్రెంగోవ్ కొడుకుని. మీ చేను ఇప్పుడు పార్కిన్‌వాళ్ళ దగ్గరుంది. బాగానే చూసుకుంటున్నారు. కంచె నేనైతే అలా వెయ్యను, పోనీలే."

ఇరవయ్యో నిమిషం అయింది. వెర్నా ఈల పెదాల మధ్య పెట్టుకుని అతని వెనక్కి వచ్చి నిలబడింది.

"సరే, అసలు సంగతి విను," అన్నాడు ఆల్బీ రాయి వైపు వంగి. "మొన్న రాత్రి అరవై పాయింట్లు పడిందిరా. నెమ్మదిగా, తెల్లార్లూ. చుక్క పారిపోకుండా మొత్తం ఇంకింది."

వెర్నా నోట్లో ఈల జారి కోటు మీద పడింది.

"అరవయ్యా?"

ఆల్బీ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. వెర్నా ముఖం చూశాడు. తర్వాత హ్యారీ రాయి చూశాడు. ఆల్బీ చేనుకీ వెర్నా చేనుకీ మధ్య ఒకే కంచె. మా వైపు కూడా పడిందా అని వెర్నా అడిగింది. ఆల్బీ గొంతు సవరించుకుని, వాన కంచెలు చూసుకుని పడుతుందా అన్నాడు. మామూలుగా ఇలాంటి ప్రశ్నకి పది నిమిషాలు జవాబు చెప్పే మనిషి ఆ ఒక్క మాటతో ఎందుకు ఆగిపోయాడో అడగాలని ఆమెకి తోచలేదు. పోస్టాఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరూ చూడని పరుగు తీస్తూ బస్సు దగ్గరికి వెళ్ళి, మైకులో ఆ కబురు చెప్పింది.

జోరువానలో తడిసి ముద్దయిన పాతికమంది మనుషులు గొడుగులు ఎగరేసి చప్పట్లు కొట్టారు. రొట్టెల దుకాణం ముసలాయన పక్కనున్న ఆవిడని ఎత్తి తిప్పాడు. ఆవిడ అతని భార్య కాదు. డ్రైవరు లూక్ అక్కడివాడే. ముక్కు మీంచి నీళ్ళు కారుతుండగా, ఏం గెలిచారని అడిగాడు. మా ఊళ్ళో అరంగుళం పైన వాన పడిందని చెప్పారు. లూక్ ఆకాశం వైపు చూసి, పొద్దున టిఫిను తిన్నప్పటి నుంచి ఇక్కడ అంతకంటే ఎక్కువే పడింది, కావాలంటే మొత్తం పట్టుకుపొండి, మాకేం అక్కర్లేదు అన్నాడు.

మర్నాటి నుంచి వెర్నా వేరే మనిషి. టైంటేబుల్‌లో తొమ్మిదింటికి ఎదురుగా "ఆల్బీ ఫోను" అని స్వయంగా రాసింది. సమాధుల దగ్గర ఆమె ఈల వినబడటం మానేసింది. ఆల్బీ స్టూలు వేసుకోగానే అందరికంటే ముందు వచ్చి వెనక నిలబడేది. ఎవరైనా దగ్గితే కసిరేది. సోమవారం ముప్పై అయిదు పాయింట్లు. టైంటేబుల్ వెనక వైపు గీతలు గీసి, తేదీ వేసి, అంకెలు రాయసాగింది. మొత్తం తొంభై అయిదు.

ఆ సాయంత్రం మేనిన్ గేటు దగ్గరికి వెళ్ళారు. ఊరి మధ్య కొండంత రాతి కమాను. దేహం దొరకని సైనికుల పేర్లు యాభై వేల పైచిలుకు దాని గోడల మీద చెక్కారు. రోజూ సాయంత్రం ఎనిమిదికి బాకాలు ఊదుతారు. ఆ సాయంత్రమూ ఊదారు. జనం కదలబోతున్నారు. ఆల్బీ మెడ వెనక్కి విరుచుకుని పైకి చూస్తున్నాడు. కుర్రాబిన్ కుర్రాడు వాల్టర్ స్టీడ్ పేరు ఎక్కడో తాటిచెట్టంత ఎత్తున ఉంది. అంత పైకి తన గొంతు వెళ్ళదని, మైకు ఇమ్మని వెర్నాని అడిగాడు. వెర్నా ఆ మైకుని క్లబ్బు అధ్యక్షుడికి కూడా ఇచ్చిన మనిషి కాదు. ఆల్బీకి ఇచ్చింది.

"వాల్టర్ స్టీడ్," అని కమాను మారుమోగింది. "మొత్తం తొంభై అయిదు పాయింట్లురా. మబ్బు ఇంకా ఉంది."

జనం ఆగిపోయారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ముసలివాళ్ళు టోపీలు తీసి తలలు దించుకున్నారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంటూ వెర్నా చెయ్యి పట్టుకుని, అది ఏ ప్రార్థన అని అడిగింది. మా ఊళ్ళో పొద్దున తొమ్మిదికి చేస్తామని వెర్నా చెప్పింది. క్లుప్తంగా ఎంత బాగుందో అంది ఆవిడ.

మంగళవారం ఆల్బీ బూత్‌లోంచి బయటికి వచ్చేసరికి వెర్నా ఎదురుగా నిలబడి ఉంది, కాగితమూ పెన్సిలూ పట్టుకుని. ఆల్బీ ఆ పెన్సిలు వైపు చూసి చూసి, పదిహేను అన్నాడు. ఆరోజు బస్సులో వెర్నా పాడింది. పెళ్ళిళ్ళలో టెడ్‌తో కలిసి పాడే పాటలు అన్నీ వరసగా పాడింది. బస్సంతా అందుకుంది. లూక్ హారను మోగిస్తూ తాళం వేశాడు. మధ్యాహ్నం చూడాల్సిన మ్యూజియాన్ని టైంటేబుల్‌లోంచి కొట్టేసి, ఆ రెండు గంటలూ దారిలో లేని ఒక చిన్న సమాధుల తోటకి బస్సు మళ్ళించింది. అక్కడ కుర్రాబిన్ కుర్రాడు ఒక్కడే ఉన్నాడు. ఒక్కడే అయినా వాడికి కబురు తెలియొద్దా అంది.

బుధవారం సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వచ్చారు. నలభై. గురువారం పోజియేర్ అనే ఊరి దగ్గర గాలిమర దిబ్బ ఎక్కారు. ఆ ఒక్క చోట పడినంతమంది ఆస్ట్రేలియా కుర్రాళ్ళు మరెక్కడా పడలేదని చెప్తారు. అక్కడ ముప్పై అయిదు. దిబ్బ దిగుతూ వెర్నా ఆల్బీకి చేల సంగతి చెప్పుకుపోతూనే ఉంది. ఉత్తరపు చేలో గోధుమ, ఇసుక మిట్టల మీద బార్లీ, రోడ్డు పక్క చేను ఈసారి గొర్రెలకి వదిలెయ్యాలి, టెడ్ ఎప్పుడూ అనేవాడు. ఆల్బీ ఊ కొడుతున్నాడు. రెండు రోజులుగా అతను సరిగ్గా తినడం లేదు. ఫ్రాన్సు జున్ను పడలేదని వెర్నా అనుకుంది.

శుక్రవారం పొద్దున ఆమియాన్ ఊరి హోటల్లో టిఫిను బల్ల దగ్గర వెర్నా చెంచాతో కప్పు మీద కొట్టి అందర్నీ చూడమంది. ఇన్నాళ్ళూ దాచిన సంగతి అప్పుడు చెప్పింది. హార్ట్‌విగ్ చేను అడిగాడని, వాన పడకపోతే ఇచ్చేద్దామనుకున్నానని, ఇప్పుడు నూట ఎనభై అయిదు పాయింట్లు పడ్డాక ఇక ఆ మాటే లేదని, అయిదింటికి కెన్ డాబ్స్ ఆఫీసు మూసెయ్యక ముందే బూత్‌కి వెళ్ళి ఫోనులో అమ్మనని చెప్పేసి వస్తానని. అక్కడ అయిదంటే ఇక్కడ తొమ్మిది. గోడ మీద గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. అందరూ బల్ల మీద గుద్ది అభినందించారు. వెర్నా ఫోను కార్డు తీసుకుని గుమ్మం దాటింది.

ఆల్బీ చేతిలో ఫోర్కు గుడ్డు మీద ఆగిపోయింది. అతను లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. మోకాళ్ళు వంగని ఆ మనిషి మెడలో చేతిగుడ్డతో, కాళ్ళు రెండూ కర్రల్లా విసురుకుంటూ, చౌరస్తాకి అడ్డంగా పరుగెత్తడం హోటలు కిటికీల్లోంచి అందరూ చూశారు. కూరగాయల బండివాడు బ్రేకు వేసి ఏదో తిట్టాడు. ఆల్బీ తలకి లేని టోపీని ఎత్తి అతనికి మర్యాద చేసి, పరుగు ఆపలేదు.

వెర్నా అప్పటికే అంకెలు నొక్కేసింది. అవతల మోగుతోంది. ఆల్బీ బూత్ తలుపు లాగి, మూసుకుపోకుండా బూటు అడ్డం పెట్టి, రొప్పుతూ నిలబడ్డాడు. ఆగమని వెర్నా వేలు చూపించింది.

"వెర్నా, వాన పడలేదు."

"ఈరోజు పడకపోతేనేం, నిన్నటిదాకా పడింది కదా."

"నిన్న కూడా పడలేదు. ఆదివారం పడలేదు. ఫిబ్రవరి పదకొండు తర్వాత మన చేల మీద చుక్క పడలేదు."

కెన్ డాబ్స్ ఫోను ఎత్తాడు. హలో అన్నాడు. వెర్నా రిసీవరుని అరచేత్తో మూసి ఆల్బీ వైపు చూసింది. ఉత్తరం ఇంటికి చేరలేదని గొడవకి వచ్చినవాళ్ళని ముప్పై ఒక్క ఏళ్ళు ఎలా చూసిందో అలాగే చూసింది. కార్డులో మిగిలిన అంకె తెర మీద ఒక్కొక్కటే తగ్గుతోంది.

"పుస్తకంలో ఏం రాశావు?"

"సున్నా. కోడలు జానిస్ చేత రాయిస్తున్నాను. పుస్తకంలో అబద్ధం రాస్తానా నేను?"

"మరి వీళ్ళకి?"

"వీళ్ళు పుస్తకం చూడరు కదా."

తర్వాత ఆల్బీ చెప్పాల్సింది చెప్పాడు. అతను ఒక్కసారిగా అంతసేపు మాట్లాడటం వెర్నా ఎన్నడూ వినలేదు. ఆ కుర్రాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు కుర్రాబిన్ హాల్లో అద్దాల బీరువాలో ఉన్నాయి, నూట పన్నెండు. ఈడీ పోయాక పొద్దుగడవక అన్నీ చదివాడు. పంతొమ్మిది వందల పద్నాలుగు కరువులో, చెరువులు ఎండి గొర్రెలు చస్తుంటే, తిండీ జీతమూ దొరుకుతాయని చాలామంది సైన్యంలో చేరారు. యుద్ధం సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు. ఫ్రాన్సులో తొడల దాకా బురదలో నిలబడి, వానలో కాగితం తడవకుండా టోపీ అడ్డం పెట్టుకుని, ప్రతివాడూ చివర్న ఒకటే రాశాడు, అక్కడ వాన పడిందా అని. జవాబులు వచ్చేసరికి సగం మంది లేరు. ఆ జవాబులు విప్పకుండానే వెనక్కి వచ్చాయి. అవీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

"ఎనభై ఏళ్ళకి ఒకడు వెళ్ళి కనిపించాడు," అన్నాడు ఆల్బీ. "వాడు పోయి, లేదురా హ్యారీ, ఇంకా పడలేదు అని చెప్పనా?"

"హ్యారీకి చెప్పుకో. నాకెందుకు చెప్పావు?"

"నీకు చెప్పలేదు. హ్యారీకి చెప్పాను. నువ్వు విన్నావు."

రిసీవరులోంచి కెన్, వెర్నా, వెర్నా, అని చీమంత గొంతుతో పిలుస్తున్నాడు.

"ఆరోజే నిజం చెప్పాల్సింది," అన్నాడు ఆల్బీ, బూటు వైపు చూసుకుంటూ. "మంగళవారం చెప్దామనే బయటికి వచ్చాను. నువ్వు పెన్సిలు పట్టుకుని నిలబడ్డావు. టెడ్ పోయాక నువ్వు నవ్వడం చూడలేదు. ఇంకో పదిహేను వేస్తే ఎవరి సొమ్మేం పోతుందిలే అనుకున్నాను. చేను అమ్మే సంగతి నాకు తెలియదు వెర్నా. తెలిస్తే హ్యారీకి చెవిలో చెప్పేవాణ్ణి."

వెర్నా అరచెయ్యి తీసి రిసీవరు చెవికి పెట్టుకుంది. అక్కడెలా ఉంది కెన్ అని అడిగింది. మామూలే, దుమ్ము, ఆరేసిన తెల్ల చొక్కాలు ఎర్రగా అయ్యాయని తిడుతోంది మా ఆవిడ, నువ్వు త్వరగా తేల్చు, తాళం వేసుకోవాలి అన్నాడు కెన్.

"రాసుకో. అమ్మనని హార్ట్‌విగ్‌కి చెప్పు. సోమవారం నుంచి పొడి దుక్కిలోనే విత్తెయ్యమని బ్యారీకి చెప్పు."

అవతల కెన్ ఏదో అన్నాడు. ఇవతల ఆల్బీ బూటు తీసేసరికి తలుపు వచ్చి అతని మోచేతికి కొట్టుకుంది. వెర్నా ఫోను పెట్టేసి బయటికి వచ్చింది.

"నేను చెప్పింది విన్నావా లేదా? పడలేదు," అన్నాడు ఆల్బీ.

"విన్నాను. అయిదు రోజులు పడిందనుకునే బతికాను. ఆ అయిదు రోజుల్లో ఏ చేలో ఏం వెయ్యాలో మొత్తం అనుకున్నాను. అమ్మే సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నాకు ఏం కావాలో తెలిసిపోయింది. నీ మీద కోపం మాత్రం వేరే సంగతి."

ఆ కోపం మర్నాటి దాకా నడిచింది. వెర్నా అతనితో నేరుగా మాట్లాడటం మానేసింది. పక్క సీట్లో ఉన్నా సరే, "ఆల్బీ ట్రెంగోవ్ కిటికీ మూయవలెను" అని మైకులోనే చెప్పేది. బస్సులో అందరికీ వాన సంగతి తెలిసిపోయింది. రొట్టెల దుకాణం ముసలాయన, అయితే ఆరోజు ఎత్తి తిప్పినందుకు ఆవిడకి క్షమాపణ చెప్పుకోవాలా అని అడిగాడు. అక్కర్లేదంది ఆవిడ.

శనివారం ఆంజాక్ దినం. విలేర్ బ్రెతొన్నె ఊరి బయట మిట్ట మీద ఆస్ట్రేలియావాళ్ళ పెద్ద స్మారకం ఉంది, నడుమ ఎత్తైన బురుజు, రెండు వైపులా పేర్లు చెక్కిన గోడలు. సభ జరిగింది. ఊరి పెద్ద ఫ్రెంచిలో మాట్లాడాడు. బడిపిల్లలు రెండు దేశాల జెండాలూ ఊపారు. జనం చెదిరాక ఆల్బీ స్టూలు తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. జాబితాలో చివరి పేరు జో లిడెల్. ఆల్బీ కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, నేను ఆల్బీని, జాక్ ట్రెంగోవ్ కొడుకుని అన్నాడు. మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

వెనక గడ్డి మీద ఎవరో మైకు కింద పెట్టిన చప్పుడైంది. వెర్నా వచ్చి పక్కన నిలబడి, టైంటేబుల్ తిరగేసి, వెనక వైపు అంకెలు చూసింది.

"నిన్నటికి నూట ఎనభై అయిదు. మిగతావాళ్ళకి ఏ రోజుకారోజు ఈ లెక్కే చెప్పావు. వీడికి తక్కువ చెప్తే వాళ్ళలో వాళ్ళకి గొడవలొస్తాయి."

ఆల్బీ ఆమె వైపు చూడకుండా కాస్త ఆలోచించాడు. "ఇంకో పదిహేను వేస్తే రెండు వందలు. గుండ్రంగా ఉంటుంది."

"గుండ్రం అంకె చెప్తే రైతన్నవాడు నమ్ముతాడా? పన్నెండు వెయ్యి."

పన్నెండు వేశారు. ఈసారి వెర్నాయే గోడ మీదికి వంగి చెప్పింది. జో, నేను పోస్టాఫీసు వెర్నాని, నూట తొంభై ఏడు పాయింట్లు పడింది, సోమవారం విత్తుతున్నాం అని. అందులో సగం నిజం. ఆ సగం చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం పెరిగింది. అక్కడే నిలబడిన బడిపిల్లలు ముగ్గురు, అది సభలో మిగిలిన భాగమనుకుని, చప్పట్లు కొట్టారు.

బస్సు తిరుగు ప్రయాణం కట్టింది. కుర్రాబిన్‌లో బ్యారీ దుమ్ములోనే విత్తడం మొదలుపెట్టి ఆరు వందల ఎకరాలు పూర్తి చేశాడు. మే పదిహేడో తేదీ ఆదివారం పొద్దున తొమ్మిదీ అయిదుకి, ఊళ్ళో ఉన్న వెర్నా ఇంట్లో ఫోను మోగింది. ఊళ్ళో ఎండ కాస్తోంది. ఆల్బీ పలకరింపు ఏమీ లేకుండా, ముప్పై మూడు పాయింట్లు అన్నాడు.

"ఎవరికి చెప్తున్నావు?"

"నీకే. పుస్తకంలో రాసింది."

వెర్నా ఫోను పెట్టేసింది. కారు తీసి పద్నాలుగు కిలోమీటర్లు నడిపింది. ఉత్తరపు చేను గేటు దగ్గర దిగి, బూట్లు విప్పకుండానే నాలుగు సాళ్ళు దాటి, వంగి చూపుడువేలు మట్టిలోకి గుచ్చింది. రెండో కణుపు దాకా తడి ఉంది.